కొనుగోలు కేంద్రం లేని మద్దతు

ఆదోనిలో మద్దతు అన్న మాట వినపడితే ఎవరికైనా పత్తే గుర్తొస్తుంది. 2025-26 సీజనుకు కేంద్రం పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. ఆ ధర రైతు చేతికి రావాలంటే సీసీఐ, అంటే భారత పత్తి సంస్థ, కొనుగోలు కేంద్రం తెరవాలి. తేమ 12 శాతం దాటకూడదు, 8 దాటిన కొద్దీ ధరలో కోత పడుతుంది. ఇప్పుడైతే దానికన్నా ముందు కపాస్ కిసాన్ అనే యాప్‌లో పేరు ఎక్కించుకోవాలి. కేంద్రం తెరవని ఊళ్లో మద్దతు ధర ఉన్నట్టా, లేనట్టా? పేపర్లో ఉన్నట్టు.

నేను సాఫ్ట్‌వేర్ రాసి అమ్ముకునేవాణ్ణి. మా పనిలోనూ సపోర్టు అనే మాట ఒకటుంది, అదీ ఇలాంటిదే. ‘విండోస్ 7, 8, 10, 11 మీద పనిచేయును’ అని నా కరపత్రం మీద ఏళ్లుగా అచ్చవుతోంది. అందులో మొదటిదానికి నా దగ్గర కొనుగోలు కేంద్రం మూతపడి చాలా రోజులైందని పోయిన నవంబరులో, అదీ ఆదోనిలోనే, తెలిసొచ్చింది.

నేను అమ్మేది వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్. కాటా అంటే మీకు తొందరగా అర్థమవుతుంది. లారీ ఎక్కి నిలబడే ఇనప ప్లాట్‌ఫారం కింద లోడ్ సెల్స్ ఉంటాయి. వాటి నుంచి గదిలోని ఇండికేటరుకు వైరు, ఇండికేటరులో ఎర్ర అంకెలు. తూనికలు కొలతల శాఖవాళ్లు ఏటా ముద్ర వేసేది ఈ సరంజామాకే. నా పని దాని వెనక మొదలవుతుంది. ఇండికేటరు నుంచి సీరియల్ కేబుల్ కంప్యూటరుకు వస్తుంది. నా ప్రోగ్రాము ఆ అంకెను చదివి, లోడు తూకంలోంచి ఖాళీ తూకం తీసేసి, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద మూడు కాపీల చీటీ కొడుతుంది. అంతే. అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర మేడ మీద ఒక గదిలో కూర్చుని పదిహేనేళ్లకు పైగా ఇదే చేస్తున్నాను. తాడిపత్రి బండల పాలిషింగ్ యూనిట్లు, చీనీ మండీ చుట్టుపక్కల కాటాలు, ఆదోని జిన్నింగ్ మిల్లులు, అన్నీ కలిపి 63.

కాటా గదిలో ఉండే కంప్యూటరు ఎప్పుడూ ఆ వ్యాపారం మొత్తంలో ముసలిది. ఆఫీసులో అకౌంటెంటుకు కొత్తది కొంటారు, అతని పాతది కాటా గదికి పోతుంది. తాడిపత్రిలో అయితే దాని మీద బండల దుమ్ము, ఆదోనిలో అయితే పత్తి నూగు. సైడు కవరు ఊడదీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి ఉంటారు. లోపల హెచ్61 మదర్‌బోర్డు, రెండు జీబీ ర్యాము, 32 బిట్ విండోస్ 7. నెట్ ఉండదు. ఒకసారి పెట్టాక ఏడెనిమిదేళ్లు దాని జోలికి ఎవరూ పోరు, అదీ ఎవరి జోలికీ రాదు.

ఇక నేను చేసిన నిర్వాకం. నిరుడు వెర్షన్ 5 రాశాను. కాటా చీటీ లారీ ఓనరుకు వాట్సాప్‌లో పోవాలని చాలామంది అడుగుతున్నారు కాబట్టి అందుకోసం ఒక ముక్క కొత్తగా చేర్చి, దాన్ని కొత్త పనిముట్లతో కట్టాను. నా బల్ల మీద ఉన్నవి విండోస్ 10, 11. వాటి మీద చక్కగా నడిచింది. విండోస్ 7 కోసం పెట్టుకున్న పాత డబ్బా పవర్ సప్లై పోయి అటక మీద ఉంది. బాగుచేయిద్దాం అనుకుంటూనే ఆర్నెల్లు గడిచాయి. ఒక ఓఎస్‌కు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు, సపోర్టు ఆగిపోయేది చాలాసార్లు ఇలాగే. ఎవరూ కూర్చుని తీర్మానం చేయరు. ఒక పవర్ సప్లై కాలిపోతుంది, దాన్ని మార్చడానికి ఎవరికీ తీరిక ఉండదు.

ఆదోని మిల్లు ఆఫీసులో విండోస్ 10 ఉన్న కంప్యూటరులో నేనే స్వయంగా వేసి, చూపించి, గుంతకల్లు రైలెక్కాను. ఆ సాయంత్రం కాటా అబ్బాయి అదే సెటప్పును పెన్‌డ్రైవులో కాటా గదికి పట్టుకుపోయి అక్కడా వేశాడు. అతని తప్పేముంది, కరపత్రంలో విండోస్ 7 ఉంది కదా. సెటప్పు పాత ప్రోగ్రామును బుద్ధిగా తీసేసి కొత్తది పెట్టింది. పొద్దున తెరిస్తే, ‘ఏపీఐ-ఎంఎస్-విన్-సీఆర్‌టీ-రన్‌టైమ్’ అని మొదలై మూరెడు పొడవున్న డీఎల్‌ఎల్ (ప్రోగ్రాము నడవడానికి కావాల్సిన ఒక ఫైలు) పేరు చెప్పి, అది లేదంది.

“సార్, తెర మింద ఏందో ఇంగ్లీషులో వస్తాంది. ఓకే కొడితే పోతాంది, మళ్లా వస్తాంది.” ఫోన్లో వెనక ట్రాక్టర్ల హారన్లు.

ఆ డీఎల్‌ఎల్ సంగతి ఈ రంగంలో ఉన్నవాళ్లకు కొత్త కాదు. విండోస్ 10లో అది పుట్టుకతో ఉంటుంది. విండోస్ 7కు కేబీ 2999226 అనే అప్‌డేటుగా రావాలి. నెట్ లేని కంప్యూటరుకు ఎక్కణ్ణుంచి వస్తుంది? సరే, ఆ అప్‌డేటును పెన్‌డ్రైవులో పంపించాను. అది దాటాక రెండో గోడ. ‘గెట్ సిస్టమ్ టైమ్ ప్రిసైజ్ యాజ్ ఫైల్ టైమ్’ అనే ఫంక్షను విండోస్ సొంత ఫైలు కెర్నెల్32లో కనపడలేదట. అది విండోస్ 8తో పుట్టింది, విండోస్ 7కు ఏ అప్‌డేటూ దాన్ని తెచ్చిపెట్టదు. అది చేసే పనేమిటంటే, టైమెంతైంది అంటే మైక్రోసెకను తేడా లేకుండా చెప్పడం. పత్తి ట్రాక్టరు కాటా ఎక్కిన టైములో మైక్రోసెకన్లు ఎవరికి కావాలి? నాకు అక్కర్లేదు, నా ప్రోగ్రాములో అడగనూ లేదు. నేను వాడుకున్న ఒక లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడు, అడిగింది.

కాటా మాత్రం ఆగలేదు, ఇండికేటరు బాగానే ఉంది కాబట్టి ఆ రోజంతా చీటీలు చేత్తో రాశారు. మధ్యాహ్నం ఒక ట్రాక్టరు ఖాళీ తూకం 3,480 కిలోలను ఎవరో తొందరలో 3,840గా రాశారు. 360 కిలోల పత్తి గాలిలో కలిసింది. మద్దతు ధర లెక్కన 29 వేల పైచిలుకు. ఆ రైతుకు తన ట్రాక్టరు ఖాళీ బరువు కంఠతా వచ్చు కాబట్టి సరిపోయింది. మళ్లీ ఖాళీ బండిని కాటా ఎక్కించి చూశారు, చీటీ దిద్దారు. కంఠతా రాని రైతులు ఆ రోజు ఇంకెందరున్నారో అనే ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ రాత్రి పాత వెర్షన్ 4 మళ్లీ వేయించి ఇంటికొచ్చాక, నా దగ్గర రెండేళ్లు పనిచేసి బెంగళూరు పోయిన పిల్లోడికి ఫోన్ చేశాను. వెర్షన్ 5ను విండోస్ 7కు సరిపడే పాత లైబ్రరీలతో మళ్లీ కడతానంటే జాలిపడతాడనుకున్నాను, వాడు క్లాసు పీకాడు.

“అన్నా, 63 మందిలో విండోస్ 7 ఉండేది పద్నాలుగు మంది. వాళ్ల కోసం మిగతా నలభై తొమ్మిది మందికి పాత లైబ్రరీలు అంటగడతాండావు. ఇదేం న్యాయం?”

ఈ వాదన తీసిపారేయదగ్గది కాదు. పాత ఓఎస్‌ను మోయడం అంటే కొంచెం ఎక్కువ పని చేయడమేగా అని బయటివాళ్లు అనుకుంటారు. అసలు ఖర్చు వేరే చోట ఉంది. మనం నిలబడే నేల మనది కాదు. గో అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తే, 2023 ఆగస్టులో వచ్చిన 1.21 నుంచి విండోస్ 10 ఉండాల్సిందే. విండోస్ 7 కావాలంటే 1.20 దగ్గర ఆగిపోవాలి, దానికి 2024 ఫిబ్రవరి తర్వాత భద్రతా సవరణలు లేవు. పైథాన్ అనే ఇంకో భాష అయితే 3.8 దగ్గరే విండోస్ 7 ఆఖరు, ఆ 3.8 గడువు 2024 అక్టోబరులో తీరింది. క్రోమ్ 109 తర్వాత విండోస్ 7కు రాలేదు. క్రోమ్‌ను కడుపులో పెట్టుకుని బతికే ప్రోగ్రాములన్నీ దాని వెనకే దిగిపోయాయి. ఆటల దుకాణం స్టీమ్ 2024 జనవరి 1 నుంచి విండోస్ 7ను వదిలేసింది, కారణం అడిగితే లోపలున్న క్రోమే అంది. అంటే పద్నాలుగు మంది కోసం నేను పాత పనిముట్ల దగ్గర ఆగిపోతే, విండోస్ 11 కొనుక్కున్న కస్టమరుకు కూడా కన్నాలు పూడ్చని లైబ్రరీయే అందుతుంది. పిల్లోడు చెప్పింది అదే, నా దగ్గర సమాధానం లేదు.

వాడి లెక్కలో నేను ఒప్పుకోనిది 22 శాతం అనే అంకె. 63లో 14 అంటే 22 శాతం, నిజమే. శాతాలు చూసి ఓఎస్‌లను వదలడం ఈ రంగంలో అందరూ చేసేదే. ‘ఐదు శాతం కన్నా తగ్గితే తీసేద్దాం’ అంటారు. ఆ అంకె ఎలా వస్తుందో చూడండి. స్టాట్‌కౌంటర్ లాంటివి వెబ్‌సైట్లు తెరిచిన బ్రౌజర్లను చూసి లెక్కగడతాయి. సాఫ్ట్‌వేరులోనే వేగును పెట్టి లెక్కించే కంపెనీలూ ఉన్నాయి, ఆ వేగు కబురు చేరాలన్నా నెట్ కావాలి. నా కాటా గదులు ఏ వెబ్‌సైటూ తెరవవు, ఎవరికీ కబురు పంపవు. ప్రపంచం లెక్కలో అవి పుట్టనే లేదు. జనాభా లెక్కలవాడు రోడ్డు మీద నిలబడి వచ్చేపోయేవాళ్లను లెక్కబెట్టి, ఇంట్లో మంచం పట్టినవాళ్లు ఈ ఊళ్లో లేరని రాసుకుపోతే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది.

పైగా శాతం బరువు చూడదు. ఆ పద్నాలుగింటిలో మూడు ఆదోని జిన్నింగ్ మిల్లులు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ మూడు గదుల్లో పడే చీటీలు, మిగతా చాలా కాటాల్లో ఏడాదంతా పడే చీటీలకన్నా ఎక్కువ.

కొత్త కంప్యూటరు కొనొచ్చు కదా అని అడగొచ్చు. నేనూ చాలాసార్లు అడిగాను. తాడిపత్రిలో ఒక సావుకారు నిజంగానే కొన్నారు. మంచి మిషను, విండోస్ 11. అందులో సీరియల్ పోర్టు లేదు. ఇండికేటరు కేబులుకు యూఎస్‌బీ కన్వర్టరు తగిలించాం, వాళ్ల దగ్గర ముందునుంచీ ఉన్నదే. విండోస్ 11లో డివైస్ మేనేజరు తెరిచి చూస్తే ఆ కన్వర్టరు పేరు ఉండాల్సిన చోట, ఈ చిప్పును 2012లోనే ఆపేశాం, అమ్మినవాణ్ణి అడుగు అని రాసి ఉంది. డివైస్ పేరు స్థానంలో తిట్టు కనిపించడం నా సర్వీసులో అదే మొదటిసారి. మరో కన్వర్టరు తెప్పించాం. ఆ తర్వాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు లావు కేబులుకు చోటు లేదు. అదీ అయ్యాక, పాత ఇండికేటరు సెకను సెకనుకూ పంపే అంకెల వరసను కొత్త కన్వర్టరు ముక్కలు ముక్కలుగా ఇస్తోందని తేలి, నా ప్రోగ్రామునే మార్చాల్సి వచ్చింది. మూడు వారాలు పట్టింది. ‘అప్‌గ్రేడ్ చేసుకోండి’ అని ఒక్క ముక్కలో తేల్చేవాళ్లు ఒకసారి ఆ గదిలో కూర్చుని చూడాలి.

ఉన్న కంప్యూటరులోనే విండోస్ 11 వేద్దామంటే అదీ కుదరదు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరు ఉండాలి, అంటే 2017 తర్వాతిది. హెచ్61 బోర్డు వయసు అంతకు ఆరేళ్లు ఎక్కువ. విండోస్ 10కు పోదామంటే 2025 అక్టోబరు 14తో దాని గడువూ తీరింది. పద్నాలుగు మందిని నేను ఏ గట్టుకు చేర్చాలి? ఇక విండోస్ 10 మీద ఉన్నవాళ్లు ముప్పై ఐదు మంది. వాళ్ల సంగతి తలచుకుంటేనే టెన్షన్, ఇంకో వ్యాసం రాయాల్సి వస్తుంది.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. నా మొట్టమొదటి వెర్షన్ విజువల్ బేసిక్ 6లో రాశాను. అది 1998 నాటి సరుకు. దాంతో ప్రోగ్రాములు రాసే సాధనానికి 2008లోనే సపోర్టు ఆపేశారు, కానీ దాంతో కట్టిన ప్రోగ్రాములు నడిచే రన్‌టైమ్‌ను మాత్రం మైక్రోసాఫ్ట్ ఇప్పటికీ మోస్తోంది. ఆ వెర్షన్ 1ను నిన్న విండోస్ 11 మీద వేసి చూశాను. నడిచింది, చీటీ కూడా కొట్టింది. పాత ప్రోగ్రాము కొత్త ఓఎస్ మీద నడుస్తుంది, కొత్త ప్రోగ్రాము పాత ఓఎస్ మీద నడవదు. వెనక్కి చూసే ఓపిక ఓఎస్ చేసేవాళ్లకు ఉండి, మనకు లేకుండా పోయిందని నా అనుమానం. వీడియోలు ఆడించే వీఎల్‌సీ 3 ఇప్పటికీ పాత విండోస్ ఎక్స్‌పీ మీద ఆడుతుంది. చేయదలుచుకుంటే అయ్యే పనే.

అలాగని ఎవరికి ఏ ఓఎస్ ఉంటే దానికల్లా సై అనేవాణ్ణీ కాను. ఎక్స్‌పీని 2019లో వదిలేశాను, మైక్రోసాఫ్ట్ వదిలిన ఐదేళ్లకు. ఇప్పుడు విండోస్ 7 విషయంలో నేను గీసుకున్న గీత వేరే. ఓఎస్ పుట్టిన సంవత్సరం చూడను, కంప్యూటరు వెనక నెట్ వైరు ఉందా లేదా అని చూస్తాను. వైరు లేని విండోస్ 7 నాకు ఓఎస్ కాదు, ఇండికేటరు లాంటి ఒక పరికరం. నిన్న చేసిన పనే ఇవాళా చేస్తుంది, రేపూ చేస్తుంది. వైరున్న విండోస్ 7కు మాత్రం నా సపోర్టు లేదు, ఎంత డబ్బిచ్చినా లేదు.

ఈ గీతకు కారణం 2017 మే. ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వాన్నాక్రై అనే పురుగు ప్రపంచమంతా పాకిన వారం అది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అప్పట్లో అందరూ ‘ఎక్స్‌పీ వాడితే ఇంతే’ అన్నారు, నేను కూడా కస్టమర్లకు అదే చెప్పి భయపెట్టాను. తర్వాత యాంటీవైరస్ కంపెనీ క్యాస్పర్‌స్కీ లెక్క తీస్తే, పట్టుబడ్డవాటిలో దాదాపు అన్నీ విండోస్ 7 మిషన్లు. అప్పటికి విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సపోర్టు నిక్షేపంలా ఉంది. ఆ కన్నం పూడ్చే అప్‌డేటు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది కూడా. వేసుకోనివాళ్లు పోయారు. ఎక్స్‌పీ మీద ఆ పురుగు చాలాసార్లు సరిగ్గా నడవక కంప్యూటరే నీలం తెర చూపించి పడుకునేది. దాన్నిబట్టి నాకు అర్థమైంది ఏమంటే, ‘సపోర్టు ఉన్న ఓఎస్’ అనే ముద్ర ఒక్కటే ఎవరినీ కాపాడలేదు. దారి తెరిచి ఉండి, కన్నం పూడకుండా ఉంటే ఓఎస్ వయసుతో పని లేదు. విండోస్ 7కు ఇక పూడ్చేవాళ్లు లేరు కాబట్టి, దారి మూయడం ఒక్కటే మిగిలింది.

నెట్ లేకపోతే వైరస్ రాదా అంటే, ఎందుకు రాదు, పెన్‌డ్రైవులో వస్తుంది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే వైరస్‌ను అనంతపురంలో చూడని డీటీపీ సెంటరు ఉండదు. నా ఆదోని గొడవకు కారణమైందీ పెన్‌డ్రైవే. అందుకని వైరు లేని మిషన్లకు సపోర్టు ఇవ్వాలంటే నాదొక షరతు: ఆ కాటా గదికి నేనిచ్చిన పెన్‌డ్రైవు ఒక్కటే వాడాలి, దాని మీద ఎర్ర టేపు చుట్టి ఉంటుంది. ఈ షరతును అందరూ పాటిస్తున్నారా? లేదు. పోయిన నెల తాడిపత్రిలో ఎర్ర టేపు పెన్‌డ్రైవు తీసి చూస్తే రెండు సినిమాలున్నాయి.

నా గీతకు అసలు చిక్కు తెచ్చింది పెన్‌డ్రైవు కాదు, ఈ-వే బిల్లు. 50 వేల రూపాయలు దాటిన సరుకు కదలాలంటే అది ఉండాలి. మన రాష్ట్రంలో లోపలి రవాణాకు 2018 ఏప్రిల్ 15 నుంచి వచ్చింది. లోడయిన లారీ కాటా దగ్గరే ఉంటుంది, తూకం అక్కడే తేలుతుంది, కాబట్టి బిల్లు కూడా అక్కడే తీయడం కాటా అబ్బాయికి సులువు. అలా మూడు చోట్ల కాటా గదిలోకి నెట్ వచ్చింది. జీఎస్టీ లాగిన్, కంపెనీ పాస్‌వర్డు, క్రోమ్ 109, అన్నీ గడువు తీరిన విండోస్ 7 మీదే. 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ ఓటీపీ తప్పనిసరి అయింది, కాస్త నయం. అయినా ఆ మిషను ఎవడి చేతికైనా చిక్కితే పోయేది నా చీటీలు కాదు, ఆ సావుకారు వ్యాపారం. ఆ ముగ్గురికీ చెప్పాను: బిల్లు ఆఫీసు కంప్యూటరులోనో ఫోన్లోనో తీయండి, కాటా మిషనుకు వైరు పీకేయండి, లేదంటే కొత్త మిషను కొనండి. ఒకరు పీకేశారు. ఒకరు కొన్నారు. మూడో ఆయన, “నువ్వు కాకపోతే ఇంకొకడు ఏసిస్తాడు లేప్పా,” అని ఇంకొకరి సాఫ్ట్‌వేర్ వేయించుకున్నారు. పన్నెండేళ్ల కస్టమరు. బాధగానే ఉంది.

అంటే నా 14లో మిగిలింది 12. వీళ్లకు వెర్షన్ 4 ఉంటుంది, వెర్షన్ 5 ఉండదు. పిల్లోడు అడిగిన న్యాయానికి నాకు దొరికిన దారి ఇదే. నలభై తొమ్మిది మందికీ, ఆ కొత్త మిషను కొన్నాయనకూ కొత్త పనిముట్లతో వెర్షన్ 5. పన్నెండు మందికి, విండోస్ 7 మీదా నడిచే మైక్రోసాఫ్ట్ పనిముట్టు డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద కట్టిన పాతది, కొత్త సదుపాయాలేవీ లేకుండా. వాట్సాప్ చీటీ వాళ్లకు రాదు. నెట్టే లేనప్పుడు వాట్సాప్ ఎక్కడిది!

వెర్షన్ 4ను అలా కదలకుండా పెట్టేస్తే పనైపోదు, చట్టం కదులుతూనే ఉంటుంది. ఆదోని గొడవకు ముందే, 2025 సెప్టెంబరు 22న, జీఎస్టీలో చాలా సరుకులకు 12, 28 శాతం శ్లాబులు ఎత్తేశారు. కాటా చీటీతో పాటు బిల్లు కూడా కొట్టే కస్టమర్లకు ఆ పూటకే మారాలి. వెర్షన్ 4లో పన్ను రేట్లను ఎప్పుడో బద్ధకించి ప్రోగ్రాములోనే రాసిపెట్టాను. ఆ వారం ఊరూరా తిరిగి పెన్‌డ్రైవుతో మార్చాను. ఇప్పుడు రేట్లు ఒక పట్టికలో ఉన్నాయి, కస్టమరే మార్చుకోవచ్చు. పాత ఓఎస్ మీద వదిలేసే వెర్షనులో ఏది ప్రోగ్రాములో ఉండాలి, ఏది కస్టమరు చేతిలో ఉండాలి అన్నది ముందే తేల్చుకోకపోతే, వదిలేశాం అనుకున్నదే మెడకు చుట్టుకుంటుంది.

గడువు తేదీ ఎలా పెట్టాలన్నది ఇంకో ప్రశ్న. పెద్దవాళ్లూ తడబడిన చోటే ఇది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు 115ను విండోస్ 7 కోసం 2024 సెప్టెంబరు దాకా అన్న మొజిల్లా, ఆ తర్వాత మళ్లీ మళ్లీ పొడిగించింది. నాకది తప్పుగా అనిపించలేదు. వెబ్‌సైట్లకు భద్రతా సర్టిఫికెట్లు ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ కథ ఇంకా ముచ్చటైనది. 2021 సెప్టెంబరు 30న ఆ సర్టిఫికెట్లకు మూలమైన ఒక పాత రూటు సర్టిఫికెట్టు గడువు తీరితే, 7.1.1 కన్నా పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో లక్షలాది వెబ్‌సైట్లు తెరుచుకోవని వాళ్లే ముందు ఏడాది చెప్పారు. అవి అప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో మూడో వంతు. తర్వాత ఎవరో గమనించారు, పాత ఆండ్రాయిడ్ రూటు సర్టిఫికెట్టు గడువును అసలు చూడదని. ఆ లోపాన్నే ఆధారం చేసుకుని, గడువు తీరబోయే రూటుతోనే మరో మూడేళ్లకు సంతకం చేయించుకున్నారు. కొడుకు వాడి వదిలేసిన ఫోను పట్టుకుని యాప్‌లో పేరు ఎక్కించుకునే రైతుకు ఇలాంటి వెసులుబాటు ఒకటి 2024 దాకా ఉండేదని తెలియను కూడా తెలియదు.

నా తేదీ మాత్రం పత్తిని బట్టి పెట్టాను. డిసెంబరు 31 అంటే క్యాలెండరుకు బాగుంటుంది, ఆదోనిలో అది సీజను నడుమ. అందుకే 2027 మార్చి 31. అప్పటికి పత్తి అయిపోతుంది, ఆర్థిక సంవత్సరమూ ముగుస్తుంది. పన్నెండు మందికీ కాగితం మీద రాసిచ్చాను. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏ మిషను మీదా ఏ మార్పూ చేయనని కూడా అందులోనే రాశాను. వెర్షన్ 5 సెటప్పులో ఇప్పుడు మొదట జరిగే పని, ఏ ఓఎస్ ఉందో చూడడం. విండోస్ 7 అయితే ఏదీ తీసేయకుండా, ఏదీ పెట్టకుండా, ‘ఈ మిషనుకు వెర్షన్ 4 వాడండి, ఫోన్ చేయండి’ అని తెలుగులో చెప్పి ఆగిపోతుంది. ఆ నాలుగు లైన్లు పోయిన అక్టోబరులో రాసి ఉంటే ఆదోనిలో ఆ రోజు చేతి చీటీలు పడేవి కావు. కరపత్రం మీద కూడా విండోస్ 7 పక్కన తేదీ వేయించాను, ప్రెస్సాయన వింతగా చూశాడు.

అటక మీది డబ్బా కిందికి దిగింది. పాత పవర్ సప్లై ఒకటి దొరికితే వేశాను. వెర్షన్ 4లో ఎంత చిన్న దిద్దుబాటు చేసినా ముందు దాని మీద వేసి, ఒక పాత ఇండికేటరు తగిలించి, పది చీటీలు కొట్టి చూస్తున్నాను. బోర్డు మీద సెల్లు పోతే చీటీల మీద 2009 తేదీ పడుతోంది, ఇరవై రూపాయల సీఆర్2032 మారిస్తే సరిపోయింది. ఇలాంటివి కూడా కస్టమర్లు ‘మీ సాఫ్ట్‌వేర్ చెడిపోయింది’ అనే చెబుతారు. పోయిన వారం నుంచి హార్డ్ డిస్కు టిక్కు టిక్కు అంటోంది, బోర్డు మీద రెండు కెపాసిటర్లు ఉబ్బాయి. హెచ్61 బోర్డు ఇక్కడ సుభాష్ రోడ్డు షాపుల్లో అడిగాను, లేదన్నారు.

బెంగళూరు ఎస్పీ రోడ్డులో పాత బోర్డులు దొరుకుతాయని మా పిల్లోడికి ఫోన్ చేశాను. విండోస్ 7 పడేయమని పోరినవాణ్ణే అడగడం కొంచెం నామోషీగానే ఉంది. శనివారం పోయి చూస్తానన్నాడు.

“దొరికితే రెండు తెస్తా అన్నా. ఒకటి చెడిపోతే నువ్వు మళ్లా అటక మీద పెడతావు.”